కుంట చుట్టూ నాలుగు వాక్యాలు

టీచర్ గారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఆఫీసులో మీటింగ్ రూమ్ బయట నిలబడి కాఫీ కప్పు మీద మూత పెడుతున్నాను. చేసింది మా అత్తమ్మ. "టీచరమ్మ ఇగ లేదు బిడ్డా" అంది. నేను "ఓకే" అన్నాను. మూత సరిగ్గా పట్టిందో లేదో నొక్కి చూసుకుని, మీటింగులోకి వెళ్ళి కూర్చున్నాను. టెస్టింగ్ ఎంతవరకు వచ్చిందని ఎవరో అడిగితే జవాబు కూడా చెప్పాను. కాసేపటికి కప్పు బల్ల మీద పెట్టేశాను. లేచి బయటికొచ్చి, అత్తమ్మకి మళ్ళీ ఫోన్ చేసి, "ఏ టీచరమ్మ?" అని అడిగాను. మాకు తెలిసిన టీచరమ్మ ఒక్కరే.

ఆ పొద్దున్నే ఆవిడ నాతో మాట్లాడారు. నేను గరాజ్‌లోంచి కారు వెనక్కి తీస్తుంటే రోడ్డు మీద నిలబడి గొడుగు అడ్డం పెట్టారు. అద్దం దించాను. రాత్రికి ఫ్రాస్ట్ పడుతుందట, కరివేపాకు కుండీ లోపల పెట్టుకోమన్నారు. "నువ్వు మర్చిపోతావు. సాయంత్రం నేనే వచ్చి గుర్తు చేస్తాలే" అన్నారు. నేను టైము చూసుకుంటూ సరే సరేనని వెళ్ళిపోయాను. సాయంత్రం వస్తానని చెప్పిన మనిషి మధ్యాహ్నానికి లేకుండా పోవడం ఏమిటో నాకిప్పటికీ బుర్రకెక్కడం లేదు. ఇది రాస్తున్న ఇవాళ కూడా చీకటి పడే వేళకి తలుపు వైపు చూస్తున్నాను.

ఆవిడెవరో చెప్పాలి. అమెరికాలో మేముండే క్యారీ ఊళ్ళో, మా వరసలోనే, రెండిళ్ళ అవతల, కూతురి దగ్గర ఉండేవారు. ఒంగోలు దగ్గర ఒక హైస్కూల్లో పిల్లలకి ఇంగ్లీషు గ్రామర్ చెప్పి చెప్పి రిటైరయ్యారు. సన్నటి మనిషి. నేత చీర, దాని మీద ఎప్పుడో పోయిన భర్త స్వెటర్, కింద తెల్ల కాన్వాసు బూట్లు, ఎండా వానా లేకపోయినా చేతిలో నల్ల గొడుగు. స్వెటర్ చేతులు ఎంత మడిచినా జారి వేళ్ళ దాకా వచ్చేవి. మాట్లాడుతూనే వాటిని పైకి తోసుకునేవారు. మా కాలనీలో పెద్దలందరికీ ఆవిడ టీచర్ గారు, పిల్లలకి టీచర్ ఆంటీ, అత్తమ్మకి టీచరమ్మ.

ఆవిడ పేరు నాకు తెలియదన్న సంగతి ఆఖరి చూపు కోసం ఫ్యునరల్ హోమ్‌కి వెళ్ళేదాకా నాకు తట్టలేదు. లోపల ఎదురెదురుగా రెండు హాళ్ళు. ఒక్కో తలుపు పక్కన ఒక్కో బోర్డు, దాని మీద ఒక్కో పేరు. నేనూ అత్తమ్మా పూలు పట్టుకుని మధ్యలో నిలబడ్డాం. రెండూ తెలియని పేర్లే. నల్ల సూటు వేసుకున్నాయన వచ్చి, మీరు ఎవరి కోసం వచ్చారని నెమ్మదిగా అడిగాడు.  టీచర్ గారి కోసం అని అతనితో ఎలా అంటాను? ఒక బోర్డు మీదున్నది అమెరికన్ పేరు కాబట్టి రెండోది ఆవిడదే అయ్యుండాలని తీసివేత లెక్క వేసుకుని కుడివైపు హాల్లోకి నడిచాను. వారానికి నాలుగైదు సార్లు మా ఇంట్లో టీ తాగిన మనిషి పేరు చదివి, ఎవరో పరాయి మనిషిదనుకున్నాను.

మనవాళ్ళలో ఇది మామూలేనని మా ఆయన ఓదార్చాడు. పెద్దవాళ్ళని పేరు అడగం, వరస కలిపో, చేసిన ఉద్యోగం పెట్టో పిలుస్తాం, అలాగే ఏళ్ళు గడిచిపోతాయి. నిజమే. ఆ హాల్లో కూర్చున్న సగం మందికి బోర్డు చూసేదాకా ఆవిడ పేరు తెలియదని తర్వాత తెలిసింది. టీచర్ గారి అమ్మాయి కూడా, అమ్మని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒంగోల్లో కూడా ఎవరూ మిగల్లేదు అక్కా అంది. అందుకే ఇక్కడ కూడా ఆ పేరు రాయడం లేదు. రాస్తే నాకే ఎవరి గురించో రాస్తున్నట్టు ఉంటుంది.

మాకు ఆవిడ పరిచయం కావడానికి కారణం మా ఇంటి పోపు.

మామయ్య పోయాక అత్తమ్మ కరీంనగర్ నుంచి మా దగ్గరికి వచ్చేసింది. మేమిద్దరం ఆఫీసులకి వెళితే పగలంతా ఒక్కతే. తలుపు ఎవరైనా కొడితే తీయదు, ఫోన్ మోగితే దుప్పటి కింద పెడుతుంది. ఆమెకు పగలు ఏదైనా అయితే ఎవరికి చెప్పుకుంటుంది, ఎలా చెప్పుకుంటుంది అన్నదే మా ఇద్దరి బెంగ. ఆ చలికాలంలో ఒకరోజు పచ్చిపులుసులోకి పోపు పెడుతుంటే ఎండుమిరపకాయలు మాడి స్మోక్ అలారం మోగింది. అలారం కంపెనీ వాళ్ళు వెంటనే ఫోన్ చేశారు. అత్తమ్మ ధైర్యం చేసి ఎత్తి, తనకు వచ్చిన ఒకే ఒక్క ఇంగ్లీషు ముక్క, "సన్ కమ్, టెల్" అని పెట్టేసింది. కొడుకు వచ్చాక చెప్తాడు అని ఆమె ఉద్దేశం. వాళ్ళకి ఏం అర్థమైందో గాని ఫైరింజన్ వచ్చింది.

చెప్పులు కూడా లేకుండా అత్తమ్మ ఆ చలిలో వాకిట్లోకి వచ్చి నిలబడింది. హెల్మెట్లు పెట్టుకున్న ఎత్తైన మనుషులు చుట్టూ చేరి ఏదో అడుగుతుంటే చేతులు జోడించిందట. అప్పుడు రెండిళ్ళ అవతల నుంచి గొడుగు పట్టుకుని టీచర్ గారు వచ్చారు. పరిగెత్తలేదు, నడుచుకుంటూనే వచ్చారు. "దేర్ ఈజ్ నో ఫైర్. షీ వాజ్ కుకింగ్." ఒక్కో వాక్యం కాగానే గొడుగు కొనతో సిమెంటు మీద టక్కున ఒక్క పోటు. ఆ ఫైర్ వాళ్ళు నవ్వి, లోపలికొకసారి తొంగిచూసి, బండి తిప్పుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం మేము వచ్చేసరికి అత్తమ్మ సూట్‌కేసు కిందికి దించి, పక్కనే కూర్చుని ఉంది. "నేను పోత బిడ్డా. ఈడ నాకు నోరు లేదు" అంది. మా ఆయన బతిమాలాడు, నేను బతిమాలాను. వినలేదు. ఏడుస్తూనే, మధ్యలో కళ్ళు తుడుచుకుని, అంత పెద్ద బండి టీచరమ్మ రెండు మాటలు చెప్పగానే ఎట్ల మర్లిపోయిందో కూడా చెప్పింది. 

మర్నాడు పొద్దున్నే టీచర్ గారు వచ్చారు. హాల్లో ఉన్న సూట్‌కేసు చూశారు, దాని గురించి ఒక్క ముక్క అడగలేదు. "వదినగారూ, మీకు బూట్లున్నాయా?" అన్నారు. లేవు. నా పాత స్నీకర్స్ ఇచ్చాను. చీర మీద అవి వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని అత్తమ్మ ఆవిడ వెనకాల బయల్దేరింది. 

మా ఇళ్ళ వెనక ఒక నీళ్ళ గుంట ఉంది. కాలనీ కట్టినప్పుడు వాన నీళ్ళు నిలవడానికి తవ్వారు. ఇల్లు అమ్మేటప్పుడు దాన్ని లేక్ అన్నారు, మేము పాండ్ అంటాం, అత్తమ్మ కుంట అంటుంది. చుట్టూ నడవడానికి సన్నటి దారి, ఒక బెంచీ, మనుషులంటే లెక్కలేని బాతులు. పొద్దున మా వాళ్ళ అమ్మానాన్నలూ, అత్తమామలూ అక్కడే నడుస్తారు. టీచర్ గారి బడి అదే. బోర్డు లేదు, పుస్తకం లేదు. ఒక్కో చుట్టుకి ఒక్కో రకం వాక్యం. ఆ చుట్టు పూర్తయ్యేదాకా నోట్లోంచి ఇంకో రకం రాకూడదు, తెలుగు అసలే రాకూడదు.

వాక్యాలకి ఇంగ్లీషు పుస్తకాల్లో ఉన్న పెద్ద పెద్ద పేర్లు ఆవిడ వాడేవారు కాదు. అసెర్టివ్, ఇంటరాగేటివ్ అంటే పిల్లలకి జ్వరం వచ్చేదట. చెప్పే వాక్యం, అడిగే వాక్యం, చేయించే వాక్యం, ఉలిక్కిపడే వాక్యం. ముప్పై ఏళ్ళు అలాగే చెప్పారు, ఇక్కడా అలాగే చెప్పారు.

మొదటి చుట్టు చెప్పే వాక్యం. ప్రతిరోజూ ప్రతి ఒక్కరూ ముందు తమ ఇంటి నంబరూ వీధి పేరూ ఒక పూర్తి వాక్యంలో చెప్పి తీరాలి. ఆ తర్వాత కళ్ళకి ఏది కనిపిస్తే అది. ఎండ వచ్చింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. అవతలి ఒడ్డున ఒక అమెరికన్ ఆవిడ నడిపించుకొచ్చే కుక్క ముసలిది. ఆ కుక్క మీద మా వాళ్ళంతా ఇన్ని వాక్యాలు చెప్పారు గాని, పాపం దానికి ఒక్కటీ తెలియదు. ప్రతి వాక్యం చివరా గొడుగు పోటు పడాలి. పోటు పడలేదంటే వాక్యం ఎక్కడో తెగిందని అర్థం, మళ్ళీ చెప్పాలి. "ముందు నువ్వెక్కడున్నావో చెప్పడం రావాలి. ఎలా ఉన్నావో తర్వాత చెప్పొచ్చు" అనేవారు. పెద్దవాళ్ళకి ఆ ఇంటి నంబరు చాదస్తం అనిపించేది. నాకూ అనిపించింది.

రెండో చుట్టు అడిగే వాక్యం. మనవాళ్ళు గొంతు చివర ఎత్తితే అదే ప్రశ్న అనుకుంటారు. ఆవిడ ఒప్పుకునేవారు కాదు. ఇంగ్లీషులో అడగాలంటే మాటల వరస మార్చాలి, ఆ వరస వచ్చేదాకా వదలరు. దానికంటే కష్టమైనది ఇంకొకటి పెట్టారు. అడిగాక ఆగాలి. అత్తమ్మ ప్రశ్న అడిగేసి, జవాబు తానే చెప్పేసుకుని, ముందుకు నడిచేది. టీచర్ గారు చెయ్యి పట్టుకుని ఆపేవారు. "అడిగితే ఆగాలి వదినా. అవతలివాళ్ళు చెప్పేదాకా ఆగడం కూడా ప్రశ్నలో భాగమే." శనివారాలు నేనూ వాళ్ళతో నడిచేదాన్ని. ఇద్దరు ఆడవాళ్ళు దారి మధ్యలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడితే, వెనక జాగింగ్ చేసేవాళ్ళు పక్కకి తప్పుకుని పోయేవాళ్ళు.

మూడో చుట్టు అత్తమ్మకి గండం. చేయించే వాక్యం. తెలుగులో ఎవరికైనా పని చెప్పాలంటే మర్యాదంతా మాట చివరే అంటించుకోవచ్చు. ఇంగ్లీషులో 'కమ్' అంటే ఎవరికైనా 'కమ్' అనే. పరాయివాళ్ళని పట్టుకుని అలా ఎట్ల అంటామని ఆమె గొడవ. సరే, బాతుల మీద మొదలుపెట్టమన్నారు టీచర్ గారు. బాతు దారికి అడ్డం నిలబడి మెడ చాపి బుసకొడుతోంది. అత్తమ్మ దానికి కొంచెం వంగి, "ప్లీజ్ గో, సర్" అంది. 

టీచర్ గారు నవ్వలేక బెంచీ మీద కూలబడ్డారు. బాతుకి సర్ ఏంటి వదినా అని అడిగితే, "గంత పెద్దగున్నది, మర్యాద ఇయ్యకుంటె ఎట్ల" అంది అత్తమ్మ. నవ్వంతా అయ్యాక టీచర్ గారు స్వెటర్ చేతులు పైకి తోసుకుని ఒక మాట చెప్పారు. ఆ మాట అప్పుడు నేను సగమే విన్నాను, ఇప్పుడు పూర్తిగా వినిపిస్తోంది. "ప్లీజ్ మంచిదే. కానీ ప్రాణం మీదికొచ్చినప్పుడు ప్లీజ్ అక్కర్లేదు. ఏం చెయ్యాలో చెప్పు, అంతే."

నాలుగో చుట్టు ఎప్పుడూ లేదు. ఉలిక్కిపడే వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ బెంచీ మీద కూర్చుని బూట్ల లేసులు సర్దుకునేవారు. అది నేర్పక్కర్లేదు, ఉలిక్కిపడితే అదే వస్తుంది, ఇక ఇళ్ళకి పదండి అనేవారు. ఆ ఒక్కటీ మాత్రం ఆవిడ తప్పు చెప్పారని మొన్నటిదాకా అనుకున్నాను. ఆవిడ పోయారని వింటే నాకు వచ్చింది "ఓకే". ఫ్యునరల్ హాల్లో ఆవిడని చూస్తే వచ్చింది, స్వెటర్ వేయలేదేమిటి అన్న ఆలోచన. ఏడుపు లేదు, అరుపు లేదు. 

చలి తగ్గి కాస్త ఎండలు మొదలయ్యాక వాక్యాల్ని కలపడం మొదలుపెట్టారు. ఒంటి వాక్యం, జంట వాక్యం, ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి ఆనుకునేవి. అప్పటికి అత్తమ్మ 'సన్ కమ్, టెల్' నుంచి 'వెన్ మై సన్ కమ్స్ హోమ్' దాకా వచ్చింది. ఎవరేం అడిగినా అదే. పార్సిల్ వాడికీ అదే, పక్కింటావిడకీ అదే. ఆ శనివారం టీచర్ గారు ఆమెను అక్కడే పట్టుకున్నారు.

"వచ్చాక?"

"వచ్చినంక వాడే చూస్కుంటడు."

"దాన్ని పుస్తకాల్లో డిపెండెంట్ క్లాజ్ అంటారు వదినా. ఒంటరిగా నిలబడదు. నిలబడే ముక్క ఒకటి నువ్వు చెప్పాలి."

మాతో నడుస్తున్న ఒకమ్మాయి డిపెండెంట్ వీసా మీద ఉంది. అయితే మేమంతా క్లాజులమే ఆంటీ అంది. అందరం నవ్వాం. టీచర్ గారు నవ్వలేదు. వీసా మీద వాళ్ళేం రాసుకున్నా రాసుకోనీ, నీ నోట్లో వాక్యం మాత్రం నువ్వే పూర్తి చేసుకో అన్నారు ఆ అమ్మాయితో. తర్వాత అత్తమ్మ వైపు తిరిగి నిలబడ్డారు. ఆగడం ఆవిడకి బాగా వచ్చు. 

అత్తమ్మ నీళ్ళ వైపు చూసింది, బాతుల వైపు చూసింది, చాలాసేపు చూసింది. చివరికి, "వెన్ మై సన్ కమ్స్ హోమ్, ఐ విల్ బి స్లీపింగ్" అంది. 

గొడుగు పోటు పడింది. బెంచీ మీదున్న పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం మా ఆయన ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ నిజంగానే సోఫాలో పడుకుని ఉంది, లేవమంటే లేవలేదు. అన్ని నెలలుగా హాల్లో మూలన నిలబడి ఉన్న సూట్‌కేసుని మర్నాడు తనే తోసుకుంటూ తీసుకెళ్ళి గరాజ్‌లో పెట్టింది. నేను వంటింట్లో నిలబడి ఆ చక్రాల చప్పుడు విన్నాను. టీచర్ గారికి నేను బాకీ పడ్డదంతా ఆ చప్పుడే.

నాకూ నేర్పారు. ఒకసారి ఆఫీసు మెయిలొకటి ఆవిడకి చదివి వినిపించాను. మా మేనేజర్‌కి నా మెయిల్స్ అర్థం కావడం లేదని ఫీడ్‌బ్యాక్ వచ్చింది, నాకు ఒళ్ళు మండింది. ఆవిడ పూర్తిగా విని, "ఇందులో ఊపిరి పీల్చుకునే చోటు లేదమ్మాయ్" అన్నారు. ఒకే వాక్యంలో తప్పు ఎక్కడుందో, ఎవరిదో, నాది ఎందుకు కాదో, ఎప్పటికి బాగవుతుందో అన్నీ కుక్కేశాను. ముందు విషయం చెప్పి ఆగు, నీ తప్పు కాదని తర్వాత చెప్పుకోవచ్చు అన్నారు. ఇది రాస్తూ కూడా వాక్యం పొడుగైనప్పుడల్లా గొడుగు చప్పుడు కోసం చెవి అటు పోతోంది.

ఇక ఆ రోజు సంగతి. 

చలి ఎక్కువగా ఉందని ఆ పొద్దున మిగతా వాళ్ళెవరూ నడకకి రాలేదు. మా వాళ్ళలో కుంట దగ్గర అత్తమ్మా, టీచర్ గారూ ఇద్దరే ఉన్నారు. రెండో చుట్టు మధ్యలో టీచర్ గారు ఆగి, బెంచీ పట్టుకుని, అలాగే కిందికి జారిపోయారు. అంబులెన్సు త్వరగానే వచ్చింది. వాళ్ళు చెయ్యాల్సిందంతా చేశారు. గుండె అక్కడే ఆగిపోయిందనీ, పక్కనే డాక్టరున్నా ఏమీ చెయ్యలేకపోయేవాడనీ హాస్పిటల్లో చెప్పారు. ఇంతే మాకు తెలిసింది. అత్తమ్మని అడిగితే, "ఏం జెప్పిన్నో, ఏం జేసిన్నో నాకు యాది లేదు బిడ్డా" అని చేతులు చూసుకుంటుంది. రెండోసారి అడగడానికి మాకు మనసు రాలేదు. ఆ రాత్రి కరివేపాకు సంగతి ఎవరూ గుర్తు చేయలేదు. పొద్దున చూస్తే ఆకులన్నీ నల్లబడి వేలాడుతున్నాయి.

ఫ్యునరల్ అయిన మర్నాడు తలుపు కొట్టిన చప్పుడైంది. కుంట అవతలి ఒడ్డున ముసలి కుక్కను నడిపించే అమెరికన్ ఆవిడ. చేతిలో వేడి వేడి పాస్తా ట్రే, పైన సిల్వర్ ఫాయిల్. అత్తమ్మ పైన పడుకుని ఉంది. ఆవిడ లోపలికి రాలేదు, ట్రే నా చేతికిచ్చి గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

ఆ పొద్దున ఆవిడ ఎప్పటిలాగే అవతలి ఒడ్డున ఉందట. బెంచీ దగ్గర ఒకరు కూర్చున్నారనుకుంది, పడిపోయారనుకోలేదు. అంతలో "యూ, కమ్ హియర్" అని నీళ్ళ మీదుగా పెద్ద గొంతు వినిపించింది. ఇన్నాళ్ళలో అత్తమ్మ గొంతు ఆవిడ వినలేదట, మాట రాదేమో అనుకునేదట. కుక్కని వదిలేసి పరిగెత్తుకొచ్చింది. రాగానే "హోల్డ్ హర్ హెడ్" అంది అత్తమ్మ. పట్టుకుంది. అప్పటికే అత్తమ్మ అంబులెన్సు వాళ్ళకి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, ఇంటి నంబరూ వీధి పేరూ చెప్పేసింది. ఇంటి వెనక, నీళ్ళ పక్కన ఉన్నామంది. ఊపిరి ఆడడం లేదంది. ఒక్కో మాటా విడివిడిగా, తొందర లేకుండా చెప్పిందట. ఫోన్‌లో వాళ్ళు ఎలా చెబితే అలా ఈవిడ టీచర్ గారి ఛాతీ మీద నొక్కుతూ ఉంది.

నేను వింటున్నాను. ట్రే చేతులు కాలుస్తోంది, కింద పెట్టాలని తోచడం లేదు.

తర్వాత ఫోన్‌లో పేరు అడిగారట. "వాట్ ఈజ్ హర్ నేమ్?" 

అత్తమ్మకి తెలియదు. ఈవిడకీ తెలియదు. నొక్కుతూనే అత్తమ్మ వైపు చూసింది. అత్తమ్మ టీచర్ గారి మొహంలోకి చూస్తూ ఉంది. ఫోన్‌లో మళ్ళీ అడిగారు. 

"షీ ఈజ్ మై టీచర్" అందట అత్తమ్మ.

 అమెరికన్ ఆవిడ నన్ను అడగాలా వద్దా అన్నట్టు చూసి, అడిగింది. ఆ మాట అనగానే మీ అత్తగారు కింద పడి ఉన్న గొడుగు తీసుకుని దాంతో నేలని గట్టిగా ఒక పోటు పొడిచింది, అదెందుకు, ఆమెకి నా మీద కోపం వచ్చిందా, నేను సరిగ్గా చేయడం లేదనుకుందా అని. ఆ రోజు నుంచీ అదే ఆలోచిస్తోందట, నిద్ర పట్టడం లేదట.

అప్పుడు వచ్చింది నాకు. ఆఫీసులో రానిది, హాస్పిటల్లో రానిది, బోర్డు ముందు నిలబడినా రానిది. అయ్యో టీచర్ గారూ అని ఎంత గట్టిగా అరిచానో, పై గదిలోంచి అత్తమ్మ లేచి మెట్ల దాకా వచ్చింది. ఆ ఆవిడ భయపడి నా చేతుల్లోంచి ట్రే తీసుకుంది. ఏడుస్తూనే చెప్పాను, కోపం కాదనీ, నువ్వు చేసింది అంతా సరిగ్గా చేశావనీ, అది ఫుల్ స్టాప్ అనీ.

టీచర్ గారి అమ్మాయి ఆ గొడుగు అత్తమ్మనే ఉంచుకోమంది. ఈ సోమవారం నేను ఇంటి నుంచే పని చేస్తున్నాను. కిటికీలోంచి కుంట కనిపిస్తుంది. అత్తమ్మ నా పాత స్నీకర్స్ వేసుకుని ఒక్కతే బయల్దేరింది. మొదటి చుట్టంతా నాలుగడుగులకొకసారి గొడుగు నేలకి తగులుతూనే ఉంది. రెండో చుట్టులో బెంచీ దగ్గర ఆగింది. పెదవులు కదిలాయి, ఏదో అడిగింది. నా మీటింగ్ మొదలైంది, ఎవరో నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు, మ్యూట్ తీయలేదు. బాతులు ఆమె కాళ్ళ దాకా వచ్చి మేస్తున్నాయి. అత్తమ్మ గొడుగు పైకెత్తి పట్టుకుని, ఖాళీ బెంచీ వైపు చూస్తూ, జవాబు కోసం ఆగి నిలబడి ఉంది.